కొండకొండకూ పిట్ట మారుతుందా? పక్షుల జన్యు వైవిధ్యాన్ని అధ్యయనం చేసే పద్ధతి

పడమటి కనుమలలో, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్లు దాటిన ఎత్తుల్లో, పచ్చిక కొండల నడుమ లోయల మడతల్లో ఒదిగి పెరిగే పొట్టి చెట్ల అడవిని షోలా అంటారు. ఆ అడవి నీడలో, నేలకు దగ్గరగా తుప్పల సందున తిరిగే నీలిరంగు చిన్న పిట్ట ఒకటి ఉంది. మలయాళంలో కిళి అంటే పిట్ట కనుక దానిని ఇప్పుడు షోలాకిళి అంటున్నారు. పొట్టి రెక్కలనూ, పొడుగు కాళ్లనూ, నేలమీద మేత వెతుక్కునే అలవాటునూ చూసి పూర్వపు పక్షిశాస్త్రవేత్తలు దీనిని హిమాలయాల వైపు ఉండే షార్ట్‌వింగ్ పిట్టల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చారు. 2017లో వి.వి. రాబిన్, సుష్మా రెడ్డి, ఉమా రామకృష్ణన్ తదితరులు దాని జన్యువులను పరిశీలించి, ఇది షార్ట్‌వింగ్‌లకు బంధువు కాదనీ, ఫ్లైక్యాచర్ల వంశానికి చెందినదనీ, ఆ వంశంలోనూ ఏనాడో విడివడి ఈ కొండలమీదనే ఎదిగిన శాఖ అనీ చూపి, షోలికోలా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచారు. ఆ ప్రజాతిలో ఇప్పుడు మూడు జాతులున్నాయి. వాటిలో దక్షిణపు కొసన అగస్త్యమలై వైపు ఉండే ఆషాంబు షోలాకిళి అప్పుడే మొదటిసారి శాస్త్రానికి ఎక్కింది.

రాబిన్ ప్రస్తుతం తిరుపతిలోని ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలో పక్షుల జీవావరణంపైనా పరిణామంపైనా పరిశోధనశాలను నడుపుతున్నారు. ఆ బృందం అనుసరించిన పద్ధతిని దశలవారీగా విడదీసి, జీవశాస్త్రంలో పీజీ చేస్తున్న విద్యార్థి గానీ, కళాశాల అధ్యాపకుడు గానీ మన ప్రాంతపు పిట్టమీద అలాంటి అధ్యయనాన్ని ఎలా రూపొందించుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు పసుపు గొంతు పికిలిపిట్టను తీసుకుంటున్నాను. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ పిట్ట, బండరాళ్లూ ముళ్లపొదలూ కలిసిన గుట్టల వాలుల్లోనే ఉంటుంది. మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండలు, రిషీవ్యాలీ, కర్ణాటకలో నంది కొండలు, తమిళనాడులో సెంజి కొండలు దీనిని చూడగలిగే చోట్లు. గుట్టకూ గుట్టకూ నడుమ వేరుశనగ చేలు, చెరువులు, ఊళ్లు ఉంటాయి. షోలాకిళికి లోయ ఎలాంటిదో ఈ పికిలికి మైదానం అలాంటిదేనా అన్నది అడగదగిన ప్రశ్న.

ప్రశ్నను ముందు పటంమీద గీయండి

మొదటిసారి ఈ పనికి పూనుకునేవారిలో ఎక్కువమంది వలతోనో డీఎన్‌ఏకు ప్రతులు తీసే పీసీఆర్ యంత్రంతోనో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది పటంతో. పిట్ట ఎక్కడెక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఉన్న చోట్ల మధ్య అడ్డు ఏమిటి అన్న మూడు విషయాలూ కాగితంమీద కనబడేదాకా నమూనాల ఊసెత్తకూడదు. పిట్ట ఉన్న చోట్ల కోసం, పక్షి పరిశీలకులు తాము చూసినవి రాసిపెట్టే ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదైన పరిశీలనలు ఎంతో ఉపయోగపడతాయి. లేని చోట్లను మాత్రం మీరే తిరిగి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎవరూ వెళ్లని గుట్టమీద పిట్ట నమోదు కాకపోవడం అక్కడ అది లేదనడానికి రుజువు కాదు.

అడ్డు అనేదాన్ని జాగ్రత్తగా నిర్వచించాలి. పడమటి కనుమలను అడ్డంగా కోసే పాలక్కాడ్ కనుమ అనే లోయ సుమారు 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పున, పర్వతశ్రేణి దాదాపు మైదానంలో కలిసిపోయేంత లోతున ఉంటుంది. దానికి దక్షిణాన ఉన్న సెంగోట్టై కనుమ అంతకంటే చాలా ఇరుకు. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో రాబిన్ బృందం ఒక్క పిట్టతో సరిపెట్టుకోకుండా, ఆ కొండల పైభాగాన నివసించే 23 జాతులకు చెందిన 356 పక్షుల జన్యువులను పోల్చి చూసింది. విశాలమైన, లోతైన లోయ ఎక్కువ జాతులను విడదీసిందనీ, ఇరుకు లోయలు తక్కువ జాతులనే విడదీశాయనీ తేలింది. ఒకే లోయ ఒక పిట్టకు దాటరాని గోడ అయితే, మరో పిట్టకు అసలు అడ్డే కాలేదు. అడ్డు నేలలో ఎంత ఉందో పిట్ట స్వభావంలోనూ అంతే ఉంది. కనుక మీ ప్రశ్నలో లోయ వెడల్పుతో పాటు పిట్ట ఎంత దూరం ఎగురుతుంది, తెరపి నేలను దాటడానికి ఎంత జంకుతుంది అన్నవి కూడా చేరాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. అనుభవం ఉన్నవారు కూడా అందులో పడుతుంటారు కనుక కాస్త ఆగి చెబుతాను. ఉత్తరపు కొసన పది పిట్టలను, దక్షిణపు కొసన పది పిట్టలను పట్టి వాటి జన్యువులను పోలిస్తే తేడా కనబడటం దాదాపు ఖాయం. నడుమ ఏ అడ్డూ లేకపోయినా కనబడుతుంది. పక్షులు పుట్టిన చోటికి దగ్గరలోనే జతకట్టడంవల్ల దూరం పెరిగేకొద్దీ జన్యు భేదం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఆ వాలు మొత్తాన్నీ చూడకుండా రెండు కొసలను మాత్రమే చూసినవారికి అది మెట్టులా అనిపిస్తుంది. దీనికి విరుగుడు నమూనాల ప్రణాళికలోనే ఉండాలి. రెండు గుట్టలు 40 కిలోమీటర్ల దూరంలో ఉండి నడుమ చేలు పరచుకొని ఉన్న జతను ఒకటి ఎంచుకోండి. అంతే దూరంలో ఉండి నడుమ రాతి గుట్టల వరుస తెగకుండా సాగే జతను మరొకటి ఎంచుకోండి. దూరం సమానంగా ఉన్నప్పుడు మొదటి జతలో భేదం ఎక్కువగా కనిపిస్తేనే మైదానాన్ని తప్పుపట్టగలం. ఇలాంటి జతలు ఒకటికి మూడు నాలుగు దొరికితే వాదం గట్టిపడుతుంది. అవి దొరకని ప్రాంతంలో ఈ ప్రశ్నను వదిలేసి వేరే ప్రశ్న ఎంచుకోవడమే మేలు.

పాత పేర్లను, పాత పెట్టెలను తిరగేయండి

మీరు ఎంచుకున్న పిట్టను మొదట ఎవరు, ఎక్కడ, ఏ నమూనా ఆధారంగా వర్ణించారో తెలియకపోతే చివర్లో తేలిన విషయానికి పేరు పెట్టలేరు. తూర్పు కనుమల విషయంలో ఈ వెతుకులాట ఆసక్తికరంగా సాగుతుంది. అప్పటి విశాఖపట్నం జిల్లా లమ్మసింగి అడవుల్లోని అబాట్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్టను 1985లో రిప్లే, బీలర్ కొత్త ఉపజాతిగా వర్ణించి, విశాఖకు చెందిన ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గౌరవార్థం కృష్ణరాజుయి అని పేరు పెట్టారు. ఈ జాతి మిగతా పక్షులు ఈశాన్య భారతంలోనూ, హిమాలయపు అడుగు కొండల్లోనూ, ఆగ్నేయాసియాలోనూ ఉన్నాయి. వందల కిలోమీటర్ల దూరాన ఒంటరిగా మిగిలిన ఇలాంటి జనాభా జన్యు అధ్యయనానికి బంగారు గని వంటిది.

మ్యూజియంలలో భద్రపరచిన పాత చర్మాలనుంచి కూడా డీఎన్‌ఏ తీయవచ్చు. కాలి వేలి అడుగునుండే మెత్తటి భాగంనుంచి గోరంత ముక్క కోస్తే చాలు. ఈ పద్ధతికి మనకు దగ్గరి నిదర్శనం కలివికోడి. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షిని 1986లో కడప జిల్లాలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. సజీవంగా పక్షిని పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానికుడు. దాని గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు కలివికోడిదేనని 2013లో డీఎన్‌ఏ పరీక్ష నిర్ధారించింది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డులోని డీఎన్‌ఏను మ్యూజియంలోని పాత కలివికోడి చర్మాల డీఎన్‌ఏతో పోల్చి ఈ సంగతి తేల్చారు. ఒక్క అడుగు కూడా అడవిలో వేయకుండా దొరికిన సమాధానమది.

పాత చర్మాల డీఎన్‌ఏ చిన్న చిన్న తునకలుగా విరిగిపోయి ఉంటుంది కనుక దానితో చేసే పనిని తాజా నమూనాలు ఉండే గదిలో చేయకూడదు. ముక్క కోయడానికి మ్యూజియం అనుమతి తప్పనిసరి. అరుదైన నమూనా అయితే అడగకముందే మరోసారి ఆలోచించండి.

అనుమతులు

ఇది విసుగు పుట్టించే అధ్యాయమే గానీ, దీన్ని దాటవేసిన అధ్యయనం ప్రచురణకు నోచుకోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని పట్టడం వేట కిందికే వస్తుంది. శాస్త్రీయ పరిశోధనకోసం 12వ సెక్షన్ కింద అనుమతి పొందాలి. మొదటి షెడ్యూలులోని జాతులకైతే కేంద్ర ప్రభుత్వ ఆమోదం కూడా కావాలి. అభయారణ్యంలోకి పరిశోధనకై వెళ్లడానికి 28వ సెక్షన్ కింద వేరే అనుమతి అవసరం. 2022 సవరణతో షెడ్యూళ్లు మారాయి కనుక పాత పుస్తకంలోని పట్టికను నమ్మకండి. దరఖాస్తులో ఎన్ని పిట్టలు, ఎంత రక్తం, ఏ చోట్లు, ఏ నెలలు అన్నవి అంకెలతో రాయండి. ప్రణాళిక పటంమీద స్పష్టంగా ఉన్నవారికి ఈ దరఖాస్తు ఒక పూట పని. అనుమతి చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు కనుక ఈలోగా అనుమతి అక్కరలేని పని, అంటే చూడటం, వినడం, మొదలుపెట్టండి.

చెవితో చేసే పని

షోలాకిళి మీద రాబిన్ చేసిన కృషిలో పాటలకు పెద్ద పాత్ర ఉంది. పక్షి పాట రెండు విధాల విలువైనది. జత కుదరడంలో దాని ప్రమేయం ఉంటుంది కాబట్టి పాట మారిన జనాభాలు కలవడం తగ్గవచ్చు. పాటలు పాడే పక్షులలో పిల్ల పెద్దవాటిని విని నేర్చుకుంటుంది కాబట్టి పాట జన్యువులకంటే వేగంగా మారగలదు కూడా. అందువల్ల పాటలో తేడా కనబడగానే జాతులు వేరని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. అడవి నరికివేతవల్ల ఈమధ్యనే విడిపోయిన షోలా ముక్కల మధ్య కూడా పాటల్లో భేదాలు కనబడ్డాయి. ప్రాచీనమైన లోయలు విడదీసిన జనాభాల మధ్య ఉన్న భేదం వేరు, ఇది వేరు. ఈ రెంటినీ ఎలా వేరు చేయాలన్నదే అసలు పరీక్ష.

రికార్డు చేసేటప్పుడు ఫైలును ఎంపీ3గా కాక వేవ్ రూపంలో దాచండి, ఎందుకంటే కుదింపులో పోయిన వివరం తిరిగి రాదు. ధ్వని స్థాయిని యంత్రమే సర్దుకునే సదుపాయాన్ని ఆపివేయండి. ప్రతి రికార్డింగు చివర తేదీ, సమయం, చోటు, మీరు పిట్టకు ఎంత దూరంలో ఉన్నారన్నది మీ గొంతుతోనే చెప్పి ముగించండి. నోటుపుస్తకం తడిసిపోవచ్చు గానీ ఈ మాటలు ఫైలుతోపాటే ఉంటాయి. ఒకే పిట్టను పదిసార్లు రికార్డు చేసి పది పిట్టలుగా లెక్కించే పొరపాటు తరచూ జరుగుతుంది, కాబట్టి ప్రతి మగపిట్ట హద్దును పటంలో గుర్తించుకోండి. తరువాత రావెన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పాటను చిత్రంగా మార్చి, ఎక్కువ తక్కువ శ్రుతులను, పాట నిడివిని, స్వరాల సంఖ్యను కొలవవచ్చు. ఒక కొండ పాటను మరో కొండ పిట్టకు వినిపించి అది ఎలా స్పందిస్తుందో చూసే ప్రయోగం కూడా ఉంది. దానిని రెండు మూడు నిమిషాలకు మించనివ్వకండి. గూడు కట్టే కాలంలో పదేపదే వినిపిస్తే మగపిట్ట లేని శత్రువును వెతుకుతూ గూటికి దూరమవుతుంది.

వల, సూది, ఒక బొట్టు రక్తం

ఈ భాగాన్ని చదివి మీరే చేయడానికి పూనుకోవద్దు. శిక్షణ పొందిన వ్యక్తి పక్కన కనీసం ఒక కాలమంతా నిలబడి, వలలోంచి పిట్టను చిక్కు లేకుండా విడిపించడం నేర్చుకున్నాకే సూది పట్టాలి. ఇక్కడ రాస్తున్నది ఏమి జరగాలో మీకు తెలియడానికి, తప్పు జరుగుతుంటే గుర్తుపట్టడానికి.

మిస్ట్ నెట్ అనే సన్నని దారాల వలను తెల్లవారకముందే పొదల నేపథ్యంలో నిలబెట్టి, వెలుగు రాగానే తెరుస్తారు. ప్రతి పావుగంటకూ ఒకసారి వల దగ్గరికి వెళ్లి చూడాలి. వాన పడుతున్నా, గాలి బలంగా ఉన్నా, ఎండ ముదిరినా వల మూసేయాలి. రాయలసీమ గుట్టల్లో వేసవి ఉదయం ఎనిమిదిన్నరకే బండలు వేడెక్కుతాయి. షోలా అడవిలో పనిచేసినవారి సమయపట్టికను ఇక్కడ పాటిస్తే పిట్టలు చస్తాయి. వలలో పడిన పిట్టను గుడ్డసంచిలో ఉంచి నీడన వేలాడదీస్తే శాంతంగా ఉంటుంది. కాలికి సంఖ్య ఉన్న ఉంగరం తొడిగి, రెక్క పొడవు, కాలి పొడవు, ముక్కు పొడవు, బరువు కొలుస్తారు. ఈ కొలతలు ఒకే మనిషి తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఇద్దరు మనుషుల చేతుల మధ్య తేడా కొన్నిసార్లు రెండు కొండల పిట్టల మధ్య తేడాకంటే ఎక్కువ ఉంటుంది.

రెక్క అడుగున మోచేతి దగ్గర చర్మం కింద నీలంగా కనబడే సిరను ఇన్సులిన్ సూదితో చిన్నగా గుచ్చి, ఉబికివచ్చిన బొట్టును గాజు కేశనాళికతో తీసుకుంటారు. తీసే రక్తం పిట్ట బరువులో ఒక శాతానికి మించకూడదన్నది సాధారణ నియమం. ముప్పై గ్రాముల పిట్టకు ఇది 0.3 మిల్లీలీటర్లు అవుతుంది గానీ, జన్యు పరీక్షకు అందులో పదోవంతు కూడా అక్కరలేదు. మన ఎర్రరక్తకణాల్లో కేంద్రకం ఉండదు. పక్షుల ఎర్రరక్తకణాల్లో ఉంటుంది, కాబట్టి చిన్న బొట్టులోనే కావలసినంత డీఎన్‌ఏ దొరుకుతుంది. దూదితో అరనిమిషం అదిమితే రక్తం ఆగుతుంది. ఆగిందని చూశాకే వదలాలి. నమూనాను కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్ అనే ద్రావణంలో కలిపితే ఐస్‌పెట్టె లేకున్నా చెడదు. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముద్దకడుతుంది, అది ప్రయోగశాలలో ఇబ్బంది పెడుతుంది. గొట్టంమీద రాసిన అంకెను, ఉంగరపు అంకెను, పుస్తకంలోని అంకెను అక్కడే మరొకరిచేత చదివించి సరిచూడండి. అడవిలో దొర్లిన ఈ తప్పును ప్రయోగశాలలో సరిదిద్దడం అసాధ్యం.

పట్టకూడని పక్షులు కూడా ఉన్నాయి. బట్టమేక పిట్ట వంటి అంతరించే దశలో ఉన్నవాటికి రాలిన ఈకలు, గుడ్డు పెంకులు, చనిపోయి దొరికిన పక్షుల కణజాలం మీదనే ఆధారపడాలి. ఈక మొదలులో, కాడ చర్మంలోకి దిగే చోట చిక్కుకున్న చిన్న రక్తపు గడ్డలో డీఎన్‌ఏ బాగా దొరుకుతుంది. ఒకప్పుడు నాటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో కనబడిన ఈ పక్షి జన్యువులపై 2011లో ప్రచురితమైన అధ్యయనం దేశమంతటా దాని మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏలో వైవిధ్యం చాలా తక్కువగా ఉందని చూపింది.

ఏ జన్యువును చదవాలి

అణుస్థాయి పనిని రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. రక్తంనుంచి డీఎన్‌ఏ వేరుచేసి, కావలసిన జన్యువును పీసీఆర్‌లో కోట్ల ప్రతులుగా పెంచి, అందులోని అక్షరాల (బేస్‌ల) వరుసను చదివే సీక్వెన్సింగ్‌కు పంపుతారు. ప్రతి విడతలోనూ డీఎన్‌ఏ కలపని ఖాళీ గొట్టాన్ని ఒకటి నడపాలి, అందులోనూ ఫలితం వచ్చిందంటే కల్తీ జరిగిందని అర్థం. ఆలోచించవలసిందల్లా ఏ జన్యువు అన్నదాని దగ్గరే.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లినుంచి మాత్రమే సంక్రమిస్తుంది, వేగంగా మారుతుంది, చదవడం తేలిక. పక్షుల్లో 1,143 అక్షరాల సైటోక్రోమ్ బీ, 1,041 అక్షరాల ఎన్‌డీ2 జన్యువులు అందరూ వాడేవి కాబట్టి ఇతరుల ఫలితాలతో పోల్చుకోవచ్చు. అయితే రక్తం వాడేవారికి ఒక చిక్కు ఉంది. ఏనాడో మైటోకాండ్రియానుంచి కేంద్రకంలోకి చేరి నిద్రాణంగా పడి ఉన్న జన్యు ప్రతులు కొన్ని ఉంటాయి. పక్షి ఎర్రరక్తకణంలో కేంద్రకం ఉండి, మైటోకాండ్రియాలు తక్కువగా ఉండటంవల్ల అసలు జన్యువుకు బదులు ఈ నకలు పెరిగే ప్రమాదం కండరపు నమూనాలలోకంటే ఎక్కువ. చదివిన వరుస మధ్యలో ప్రొటీన్ తయారీని ఆపే సంకేతం కనబడినా, ఒకేచోట రెండు అక్షరాలు కలిసి కనబడినా అనుమానించండి.

తల్లివైపు కథ సగం కథే. కేంద్రకంలోని జన్యువులను కూడా కొన్ని చదవాలి. పైగా మైటోకాండ్రియా జన్యువులు లక్షల ఏళ్ల చరిత్ర చెబుతాయి గానీ, గత వందేళ్లలో వెలసిన తోటల ప్రభావాన్ని సాధారణంగా పట్టుకోలేవు. దానికి మైక్రోశాటిలైట్లు అనే వేగంగా మారే భాగాలో, కేంద్రక డీఎన్‌ఏ అంతటా పరచుకొని ఉన్న వేలాది ఒంటి అక్షరాల తేడాలో కావాలి. షోలాకిళిలో ప్రాచీన లోయల ప్రభావాన్ని ఒక రకం జన్యు సమాచారంతోనూ, ఇటీవలి అడవి విచ్ఛిత్తి ప్రభావాన్ని మరో రకంతోనూ చూడటానికి కారణం ఇదే. గ్రానైటు క్వారీవల్ల పికిలిపిట్ట గుట్టలు విడిపోయాయా అని మీరు అడిగితే ఎన్‌డీ2 జన్యువు జవాబివ్వదు. అది జవాబివ్వలేదు కాబట్టి క్వారీ ప్రభావం లేదని రాయడం ఘోరమైన తప్పు.

ప్రయోగశాల లేని కళాశాలలు నిరుత్సాహపడనక్కరలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల వంటి చోట్ల వన్యప్రాణుల డీఎన్‌ఏపై ఏళ్ల తరబడి పని జరుగుతోంది. బాగా ఆలోచించిన ప్రశ్నతో, అనుమతి పత్రాలతో వెళ్లి సహకారం అడగడంలో తప్పులేదు.

చేత్తో ఒకసారి లెక్కవేయండి

సాఫ్ట్‌వేర్ ఒక్క క్షణంలో ఇచ్చే అంకెను అర్థం చేసుకోవాలంటే చిన్న ఉదాహరణను చేత్తో చేయాలి. ఒక గుట్టమీద పది పిట్టల ఎన్‌డీ2 జన్యువును చదివారనుకుందాం. మూడు రకాల వరుసలు వచ్చాయి. ఇలాంటి ఒక్కో రకాన్ని హాప్లోటైప్ అంటారు. మొదటిది ఆరు పిట్టలలో, రెండవది మూడింటిలో, మూడవది ఒకదానిలో ఉంది. వాటి వాటాలు 0.6, 0.3, 0.1. వాటి వర్గాల మొత్తం 0.46. ఒకటిలోంచి దాన్ని తీసివేస్తే 0.54. నమూనా చిన్నది కనుక దీన్ని పది బై తొమ్మిదితో గుణించాలి, 0.60 వస్తుంది. ఇది హాప్లోటైప్ వైవిధ్యం, అంటే ఎలాగంటే అలా తీసిన రెండు పిట్టలు వేరు వేరు రకాలవి అయ్యే అవకాశం.

ఇప్పుడు మొదటి రకానికీ రెండవదానికీ ఒక అక్షరం, మొదటిదానికీ మూడవదానికీ రెండు అక్షరాలు, రెండవదానికీ మూడవదానికీ మూడు అక్షరాలు తేడా అనుకోండి. పది పిట్టలను జతలు చేస్తే 45 జతలు. వాటిలో మొదటి, రెండవ రకాల జతలు 18, మొదటి, మూడవ రకాలవి 6, రెండవ, మూడవ రకాలవి 3. మొత్తం తేడాలు 18, 12, 9 కలిపి 39. సగటున జతకు 0.87 అక్షరం. దాన్ని 1,041తో భాగిస్తే 0.083 శాతం. ఇది న్యూక్లియోటైడ్ వైవిధ్యం. మొదటి అంకె పెద్దదిగా, రెండవది చిన్నదిగా ఉండటం గమనించండి. రకాలు కొన్ని ఉన్నా అవన్నీ ఒకదానికొకటి చాలా దగ్గరివి. ఒకప్పుడు చిన్నదిగా ఉన్న జనాభా తరువాత పెరిగినప్పుడు ఇలాంటి స్థితి తరచూ కనబడుతుంది. ఇదే స్థితికి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు కనుక తొందరపడి కథ అల్లకండి.

నిజమైన దత్తాంశాలకు మెగా, డీఎన్‌ఎస్‌పీ, పాప్‌ఆర్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. హాప్లోటైప్‌ల వల చిత్రాన్ని గీసి ఒక్కో గుట్టకు ఒక్కో రంగు వేస్తే, రంగులు కలిసిపోయాయా విడివిడిగా ఉన్నాయా అన్నది కంటికే తెలుస్తుంది. ఒక్కో చోట పది పిట్టలకు తగ్గితే ఈ చిత్రాలను నమ్మడం కష్టం. ఒకే గూటి పిల్లలు, తోబుట్టువులు నమూనాలో చేరితే ఇరవై ఉన్నా నమ్మకూడదు.

కాలాన్ని, పేరును నిర్ణయించేటప్పుడు

వంశవృక్షం గీశాక, ఈ కొమ్మలు ఎప్పుడు విడిపోయాయి అని అడగాలనిపిస్తుంది. పక్షుల సైటోక్రోమ్ బీ జన్యువులో రెండు శాఖల మధ్య సగటున పది లక్షల ఏళ్లకు సుమారు 2.1 శాతం భేదం పోగవుతుందని వాడుకలో ఉన్న అంచనా. ఆ లెక్కన 4.2 శాతం భేదం ఉంటే ఇరవై లక్షల ఏళ్లు అవుతుంది. ఇది ఎన్నో వంశాల సగటు మాత్రమే, ఒక్కో వంశానికి వేగం మారుతుంది. ఎన్‌డీ2కి ఇదే అంకెను వాడటం కూడా సరికాదు. కనుక ఒక్క సంవత్సరాన్ని కాక ఒక వ్యవధిని రాయండి. ఆ వ్యవధి ఎంత వెడల్పుగా వచ్చినా దాచకండి.

పేరు మార్చే నిర్ణయం ఇంకా కఠినమైనది. షోలాకిళుల విషయంలో జన్యువులు, పాటలు, శరీర కొలతలు, రంగులు అన్నీ ఒకే హద్దు దగ్గర విడివడటంవల్ల ఆ వాదం నిలిచింది. అదే పత్రంలో లాఫింగ్‌త్రష్ కుటుంబానికి చెందిన చిలప్పన్ పిట్టలకు కూడా మాంటెసింక్లా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి, వేర్వేరు కొండలమీద ఉన్న నాలుగు జాతులను అందులో చేర్చారు. మీ పికిలిపిట్ట జన్యువుల్లో రెండు గుంపులు కనబడి, పాటా కొలతలూ మాత్రం కలగలిసి ఉంటే వాటిని వేరే జాతులనకండి. రెండు జనాభాలుగా గుర్తించి, వాటిని విడివిడిగా సంరక్షించవలసిన అవసరం ఉందా అన్నది చర్చించండి. ఏ తేడా కనబడకపోయినా ఆ ఫలితాన్ని ప్రచురించాలి. మైదానం ఈ పిట్టకు అడ్డు కాదని తెలియడం అటవీశాఖకు చాలా పనికివచ్చే సమాచారం.

చివరగా చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చదివిన జన్యు వరుసలన్నిటినీ జెన్‌బ్యాంక్ అనే బహిరంగ భాండాగారంలో జమచేసి ఆ సంఖ్యలను పత్రంలో ఇవ్వండి. రికార్డింగులను పక్షుల ధ్వనులు దాచే జెనో-కాంటో వెబ్‌సైటులోనో మరో బహిరంగ భాండాగారంలోనో ఉంచండి. మిగిలిన రక్తపు నమూనాలను పారవేయక, చోటూ తేదీ ఉన్న చీటీలతో ఏదైనా సంస్థకు అప్పగించండి. పదేళ్ల తరువాత వచ్చే విద్యార్థికి ఆ గుట్ట మిగిలి ఉండకపోవచ్చు. వల దగ్గర మీతో నిలబడిన పశువుల కాపరి పేరును, ఆయన ఒప్పుకుంటే, కృతజ్ఞతల్లో పూర్తిగా రాసి, ఫలితాల పటాన్ని తెలుగులో ఒక పుట రాసి జతచేసి ఆయనకూ, ఆ బీటు అటవీ అధికారికీ ఇచ్చి రండి.